గండ్రగొడ్డలి గారికి బహిరంగ లేఖ

అయ్యా గండ్రగొడ్డలి గారూ,

తొలకరికి ముందు కరెంటు తీగల కింద తమరు ఊరేగే కాలం వచ్చింది. పొద్దున గొడుగులా ఉన్న గానుగ, తమరు పలకరించాక మధ్యాహ్నానికి మోడు. చెట్టు కొట్టాలంటే అనుమతి తెమ్మంటుంది 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం. తమరు కొట్టరు కదా, ట్రిమ్మింగు చేస్తారు! ఆకు ఒక్కటి మిగలకపోయినా రిజిస్టర్లో రాసేది ఆ మాటే.

తమ ముందుచూపు మెచ్చుకోదగ్గది. తల నరికిన చెట్టు ఆ నరుకు చుట్టూ చీపురుకట్టలా పిలకలు వేస్తుంది. మామూలు కొమ్మ మొదలూ మానూ ఏటా పొర మీద పొర అల్లుకుని పెరుగుతాయి. పిలకలకు ఆ పట్టుండదు, పైపైనే అతుక్కుంటాయి. కొన్నాళ్లకు తీగను అందుకునేవీ అవే, గాలివానకు విరిగి దాని మీద పడేవీ అవే. వచ్చే కాంట్రాక్టుకు విత్తనం తమ చేత్తోనే వేసి వెళ్తున్నారన్నమాట. కొమ్మ పొడవు తగ్గించాలంటే, దాని మందంలో కనీసం మూడోవంతు ఉన్న పక్కకొమ్మ దాకా కోసి ఆపాలి. ఏడాదిలో ఆకుపందిరి 25 శాతానికి మించి తీయకూడదు. తమరికి శాతాలతో పనేముంది, నూటికి నూరే!

కొమ్మ మానును కలిసేచోట మెడపట్టీలా ఒక ఉబ్బు ఉంటుంది, ఎప్పుడైనా చూశారా? అమెరికా అటవీ శాఖ పరిశోధకుడు అలెక్స్ షైగో చైన్‌సాతో మాన్లను నిలువునా చీల్చి ఈ సంగతి చూశాడు: చెట్టుకు గాయం మన చర్మంలా మానదు, కుళ్లు పాకకుండా లోపల గోడ కట్టుకుంటుంది. ఆ గోడకు మేస్త్రీ ఈ ఉబ్బే. దాన్ని చెక్కేస్తే మేస్త్రీ పోయినట్టే. అలాగని జానెడు మొండి వదిలినా అది ఎండి కుళ్లుకు మెట్టవుతుంది. తమరు ఒకే చెట్టుకు రెండూ చేయగల సమర్థులు. పైగా తారు పూత! అది కుళ్లును ఆపదని కూడా షైగో ఏనాడో తేల్చాడు.

పాపం రంపానికి మూడు కోతలు కావాలి. ఉబ్బుకు అడుగు దూరంలో, కింది నుంచి మూడోవంతు లోతు. దానికి రెండంగుళాలు అవతల, పై నుంచి పూర్తిగా. బరువు దిగాక మిగిలిన మొండిని ఉబ్బును తాకకుండా దాని అంచున. మొదటి కోత లేకపోతే సగం తెగిన కొమ్మ బరువుకు వాలి, మాను బెరడును మూరెడు ఒలుచుకుంటూ జారుతుంది. కింది నుంచి మొదలుపెట్టడం తమరికి నామోషీ అనుకుంటాం.

ఎండు తెగులు పట్టిన వేపను కొట్టిన అంచుతోనే పక్క వేపనూ పలకరిస్తున్నారు. మధ్యలో స్పిరిటు గుడ్డతో ఒక తుడుపు చాలు.

ఈసారి లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే తీగలో కరెంటు ఆపించే అనుమతి) తీసుకున్నాక తమరు ట్రాక్టరులోనే పడుకోండి. రంపాన్ని పైకి పంపండి. పడిన కొమ్మల్ని పొయ్యికి ముక్కలు చేసేటప్పుడు లేపుతాం.

ఇట్లు,
కొమ్మ కోత తెలిసినవాళ్లు