సవరణ: ద్రవ్యోల్బణాన్ని ఆపింది డాస్ ప్లాన్ కాదు

జర్మనీ కోలుకున్న తీరు గురించి మొన్న రాస్తూ, 1923 నాటి ద్రవ్యోల్బణం డాస్ ప్లాన్ (మొదటి ప్రపంచ యుద్ధ పరిహారాన్ని జర్మనీ ఎలా చెల్లించాలో తేల్చిన పథకం) వల్లే ఆగిందన్నాను. అది తప్పు, క్షమించండి.

ధరలకు కళ్లెం పడింది అంతకుముందే. 1923 నవంబరు 15న రెంటెన్‌మార్క్ అనే కొత్త కరెన్సీ వచ్చింది. లక్ష కోట్ల పాత కాగితపు మార్కులకు ఒక్క రెంటెన్‌మార్క్! దానికి పూచీ బంగారం కాదు, భూములు, పరిశ్రమల మీద తనఖా. అయితే జనానికి నమ్మకం కుదిరింది తనఖా వల్ల కంటే, ఎన్ని నోట్లు ముద్రించాలన్నదానికి గట్టి హద్దు పెట్టడం వల్లే అని నా అభిప్రాయం. డాస్ ప్లాన్ ఖాయమైంది 1924 ఆగస్టులో. యుద్ధ పరిహారం వాయిదాల సడలింపు, 80 కోట్ల బంగారు మార్కుల అప్పు దానితో వచ్చినవి.

ఇంకొకటి. 1925లో స్విట్జర్లాండ్‌లోని లొకార్నోలో కుదిరిన ఒప్పందంలో జర్మనీ తన సరిహద్దులన్నీ ఒప్పుకుందని రాశాను. ఒప్పుకున్నది పడమటివి మాత్రమే. పోలండ్ వైపు సరిహద్దుకు అలాంటి హామీ ఇవ్వలేదు.