మనవాడైతే ‘స్టేటస్ పోయింది’, పక్కవాడైతే ‘ఇల్లీగల్’

అమెరికాలో లేఆఫ్ అయిన మన అబ్బాయికి కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి ఉండే 60 రోజుల గడువు దాటిపోతే ‘పాపం, అవుట్ ఆఫ్ స్టేటస్ (ఉండే అర్హత పోయినవాడు) అయ్యాడు, మంచి లాయరెవరైనా తెలుసా?’ అని వాకబు చేస్తాం. వీసా గడువు దాటాక మన లాన్ కోస్తూ బతికే మెక్సికో మనిషి మాత్రం ‘ఇల్లీగల్’. చట్టం దృష్టిలో ఇద్దరి పరిస్థితీ ఒకటే. గడువు దాటి ఉండిపోవడం అమెరికాలో సివిల్ ఉల్లంఘన, దానంతట అది క్రిమినల్ నేరం కూడా కాదు.

గల్ఫ్‌లో కంపెనీ వదిలేసి పేపర్లు లేకుండా మిగిలిపోయిన కరీంనగర్, నిజామాబాద్ కార్మికులను ‘ఖల్లివెల్లి’ అంటారు. 2024లో యూఏఈ ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ప్రకటించినప్పుడు వాళ్లు క్షేమంగా ఇల్లు చేరాలనే కోరుకున్నాం. ఆ మనసు ఇక్కడికొచ్చేసరికి ఏమవుతోంది?

‘మేం లీగల్‌గా వచ్చాం, ఆ మాట మాకు తగలదు’ అనే ధీమా మనలో చాలామందికి ఉంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఓలేథాలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపిన వ్యక్తి, కాసేపటి ముందు ఆయన్నీ పక్కనున్న స్నేహితుణ్నీ ఏ వీసా మీద ఉన్నారు, ఇల్లీగల్‌గా ఉంటున్నారా అని నిలదీశాడు. శ్రీనివాస్ ఈ దేశంలోనే ఎమ్మెస్ చదివి, హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద పనిచేస్తున్న ఇంజినీరు. ఆయన పేపర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ ప్రశ్న అడిగినవాడికి వాటితో పనిలేదు, ఒంటి రంగు చూశాడంతే. ఎవరో ఒకరి మీద వాడుకకు వదిలిన మాట చివరికి ఎవరి మీద పడుతుందో మన చేతుల్లో ఉండదు.

ఇది కొత్త కూడా కాదు. 1907 సెప్టెంబరులో వాషింగ్టన్ రాష్ట్రం బెల్లింగ్‌హామ్‌లో కలప మిల్లుల్లో పనిచేసే పంజాబీలను ఒక గుంపు కొట్టి ఊరినుంచి తరిమేసింది. సిక్కులనూ కలిపి అందరినీ ‘హిందువులు’ అన్న ఆ కాలపు పత్రికలు, వాళ్ల రాకను ‘దండయాత్ర’గా రాశాయి. దండయాత్ర అని నమ్మినవాడికి తలుపు మూసేయడం ఆత్మరక్షణలాగే కనిపిస్తుంది. 1917 చట్టంతో భారత్ సహా ఆసియాలో చాలా భాగానికి వలస దారి మూసుకుపోయింది. హెచ్-1బీ మీద రేగుతున్న గొడవల్లో అదే ‘దండయాత్ర’ మళ్లీ మన పేరు పక్కన చేరుతోంది.

పసితనంలో వచ్చి, ఇక్కడే చదివి, 21 నిండగానే హెచ్-4 (హెచ్-1బీ వారి కుటుంబానికిచ్చే వీసా) పోగొట్టుకునే పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లను రేపెవరైనా ‘ఇల్లీగల్స్’ అంటే ఓర్చుకోగలమా?

సరిహద్దు కట్టుదిట్టంగా ఉండాలని వాదించేవారు నిక్షేపంగా వాదించవచ్చు. అందుకు ఈ మాట అక్కర్లేదు. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 2013లోనే మనుషులకు ‘ఇల్లీగల్’ అని తగిలించవద్దని, చేసిన పని గురించే అలా రాయాలని నియమం పెట్టుకుంది. మన సంఘం నడిపే ఇమిగ్రేషన్ వెబినార్లలోనూ ఈ పత్రికలోనూ అదే పద్ధతి రావాలి. ‘పేపర్లు లేనివారు’ అంటే అందరికీ అర్థమవుతుంది. వచ్చే సంచిక నుంచే దీన్ని పాటించాలని సంపాదకవర్గాన్ని కోరుతున్నాను.