జరగని తలుపును కాపాడుకుందాం

తిరుపతిలో పాత ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు లేపుతున్న రోజులివి. అయినా కొందరు తాతల నాటి టేకు బీరువాకు మరమ్మతు చేయించాలని పట్టుబడుతున్నారు. పక్కకు జరిపే తలుపులు మళ్లీ జరగాలట! ఈ ధోరణిని మొగ్గలోనే తుంచాలి.

జరగకపోవడం ఆ తలుపు లోపం కాదు, వ్రతం. శేషాచలం నుంచి ఎర్రచందనం దుంగలు రాత్రికి రాత్రే రాష్ట్రం దాటిపోయే చోట, ఒక చెక్క అంగుళం కూడా కదలనంటే శాలువా కప్పాలి గానీ ఉలి పట్టుకొస్తారా?

పైగా ఆ బిగుతు వెనక తరాల కృషి ఉంది. కింది గాడిలో కుంకుమ, విభూతి, చచ్చిన చీమలు. వాటి మీద ఇంటి పెద్దాయన ఏటేటా శ్రద్ధగా పోసిన కొబ్బరినూనె. నూనెకు దుమ్ము అంటుకుని బంకలా గట్టిపడింది. కార్తీకం వానలకు చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది. అప్పుడే తొందరపడి అంచులు చిత్రిక పట్టించే మహానుభావులున్నారు. రోహిణి కార్తెకు చెక్క ఎండి, అదే తలుపు గాడిలోంచి ఊడి వాళ్ల కాళ్ల మీదే పడుతుంది. (న్యాయమే.)

అన్నిటికంటే ప్రమాదకరమైన మనిషి ఆచారి. రంపం తీయడు, మేకు కొట్టడు. తలుపును పైకెత్తి, కింది అంచును ముందుకు లాగి, ఊడదీసి గోడకు ఆనిస్తాడు. పై గాడిని లోతుగా తొలిచింది అందుకేనని ఇంట్లో ఒక్కరికీ తెలీదు. కింది గాడిని పుల్లతో గీకి, గరుకు కాగితంతో రుద్ది, కొవ్వొత్తి ముక్క అరగదీసి, "నూనె జోలికి పోవద్దు సామీ, మైనం చాలు" అంటాడు. వేలితో తోస్తే జరుగుతుంది. ఇంత తేలిగ్గా అయిపోయిన పనికి కూలి ఇవ్వాలంటే ఎవరికి మనసొప్పుతుంది?

అసలు ఉపద్రవం ఆ తర్వాత. 2022లో జిల్లానే విడగొట్టుకున్నాం గానీ, ఈ బీరువాను మాత్రం అన్నదమ్ములు పంచుకోలేదు. తెరుచుకోని దానిలో వాటా ఎవరడుగుతారు? ఇప్పుడు కొలువు బొమ్మలు కనిపిస్తాయి, అమ్మ వెండి కుంకుమభరిణె కనిపిస్తుంది, చెల్లెలికీ కనిపిస్తుంది. వెనక వరసలో పొరుగింటివాళ్ల పేరు చెక్కిన స్టీలు గిన్నె.

కాబట్టి మరమ్మతు తప్పదనుకునేవారు ముందు ఆ పొరుగువాళ్లు ఇంకా అదే వీధిలో ఉన్నారో లేదో విచారించి, ఆ పైనే ఆచారికి ఫోన్ చేయవలెను.