కత్తెరకు పిచ్చి పట్టలేదు

ఆ మెసేజ్ ఈ వారంలో నాకు నాలుగోసారి వచ్చింది. మొదట మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులో, తర్వాత విజయవాడ నుంచి బావగారు, ఆపైన ఇద్దరు కాలేజీ స్నేహితులు. 'క్రిస్పర్ ఎంజైమ్‌కు పిచ్చి పట్టి దొరికిన డీఎన్ఏనల్లా కత్తిరిస్తుంది. 2017లోనే ఎలుకల్లో తేలితే దాచేశారు. కమల బియ్యం తింటే మీ డీఎన్ఏ కూడా తెగుతుంది. గురి తప్పకపోయినా ప్రమాదమే. పదిమందికి పంపండి.'

క్రిస్పర్ అంటే డీఎన్ఏను కావలసిన చోట కత్తిరించి మార్చే పద్ధతి, అందులో కత్తెర పని చేసేది ఒక ఎంజైమ్. ఆ ఎలుకల సంగతి దాచేశారా? పేరున్న సైన్సు పత్రికలో అచ్చేశారు. ఎడిట్ చేసిన ఎలుకలు రెండు, పోల్చడానికి పెట్టుకున్నది ఒకే ఒక్కటి. ఆ రెండింటి డీఎన్ఏలో కనబడిన తేడాలు పుట్టుకతో వచ్చినవి కావని ఎలా చెప్తారని మిగతావాళ్లు నిలదీశారు. 2018లో పత్రికే ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది.

బియ్యం సంగతి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో మన సాంబ మసూరిని ఎడిట్ చేసి తీసిన రకం అది. ఆ గింజలో కత్తెర లేదు. ఉన్నా అదొక ప్రోటీన్, పప్పులాగే ఉడికి అరిగిపోతుంది. నలభై ఏళ్లుగా మటన్ తింటున్న బావగారికి ఇంతవరకూ కొమ్ములు మొలవలేదు.

నాకు ఒళ్లు మండేది 'పిచ్చి' అన్న మాటకు. గురి తప్పడం, అంటే వేరే చోట కోసేయడం, నిజం, కానీ దానికో పద్ధతుంది. క్యాస్9 అనే ఈ కత్తెర ఎంజైమ్ చేతిలో, ఎక్కడ కోయాలో చెప్పే ఇరవై అక్షరాల అడ్రసుంటుంది. అది ముందు డీఎన్ఏలో జీజీ అనే జంట అక్షరాల కోసం చూస్తుంది. అది దొరికాక, దాని పక్కనుంచే పోగులు విప్పుతూ ఒక్కో అక్షరం సరిచూసుకుంటుంది. మొదటి పది, పన్నెండు కుదిరితే అవతలి కొసన ఒకటి రెండు తప్పినా చాలాసార్లు కోసేస్తుంది. బెంగళూరులో పదో క్రాస్, ఐదో మెయిన్ ఎన్ని లేఅవుట్లలో లేవు? ఇంటి నంబరు, క్రాస్, మెయిన్ సరిపోయాక డెలివరీ కుర్రాడు లేఅవుట్ పేరు దాకా చదవడు. మనిషి జన్యువుల్లో మూడువందల కోట్ల అక్షరాలున్నాయి, పోలిక అడ్రసులకు కొదవా?

పైగా ఇది బ్యాక్టీరియా వైరస్‌ల మీదకు పెంచుకున్న ఆయుధం. వైరస్ ఒక అక్షరం మార్చుకుని వచ్చినంత మాత్రాన వదిలేస్తే బ్యాక్టీరియా బతకదు. అక్కడ పనికొచ్చిన ఉదారబుద్ధే ఇక్కడ తంటా. అందుకే 2016లో డీఎన్ఏ మీద పట్టు కాస్త సడలించిన క్యాస్9 రకాలు చేశారు. తప్పులున్న చోట అవి నిలవలేవు. ఎంజైమ్ ఎక్కువసేపు ఉన్నా తప్పు కోతలు పెరుగుతాయి కాబట్టి, త్వరగా కరిగిపోయేలా తయారు ప్రోటీన్‌గానే కణంలోకి పంపుతున్నారు.

ఇక 'గురి తప్పకపోయినా ప్రమాదమే.' నవ్వబోయి ఆగాను. ఇది నిజం. సరైన చోట కోసినా చుట్టుపక్కల వేల అక్షరాలు ఊడిపోవచ్చని 2018లో చూపించారు. అంతకుముందు పరీక్షలు కోత దగ్గరి చిన్న ముక్కనే చదివేవి. ఆ ముక్కే పోయాక వాటికి ఏం కనబడుతుంది? రాసినాయనకు ఇదంతా తెలిసుండదనుకోండి. ఆ ఒక్క వాక్యం మాత్రం పదిమందికీ పంపండి బావగారూ.