ముద్ర ఇచ్చారు, పరీక్ష ఏది?

మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరగనక్కర్లేదు. 15 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి ఎల్టీపీ, అంటే లైసెన్సున్న సాంకేతిక నిపుణుడు, ప్లాను గీసి, అన్నీ నిబంధనల ప్రకారమే ఉన్నాయని తానే ధ్రువీకరించి ఆన్‌లైన్‌లో పెడితే చాలు. సెల్ఫ్ సర్టిఫికేషన్ పేరుతో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన ఈ పద్ధతిని గోదావరి జిల్లాల పట్టణాల్లో చాలామంది మెచ్చుకున్నారు. చేయి తడపనిదే ప్లాను ఫైలు కదలని రోజులు చూసినవాళ్లు మెచ్చుకోరా మరి? ఆ సౌకర్యం మీద మాకు పేచీ లేదు. మా భయమల్లా ఆ ధ్రువీకరణ కింద పడే సంతకం గురించే. ఆ సంతకం చేసే మనిషికి పని వచ్చో రాదో తేల్చే పరీక్ష మన రాష్ట్రంలో ఎక్కడా లేదు. డిగ్రీయో డిప్లొమాయో ఉండి, అనుభవం ఉన్నట్టు ఓ కాగితం పెట్టి, రుసుము కడితే లైసెన్సు చేతికొస్తుంది. నిన్నటిదాకా ఆ ప్లానును కనీసం ఒక టౌన్ ప్లానింగ్ ఉద్యోగి చూసేవాడు. ఇప్పుడు అనుమతికి ముందు ఆ చూపు కూడా తీసేశారు. తాను చేయాల్సిన తనిఖీని సర్కారు ఇంకొకరి సంతకం మీద పెట్టింది, ఆ చేతిని మాత్రం ఒక్కసారీ పరీక్షించలేదు.

సంతకం కావాలి, పరీక్ష వద్దు. ఇదెక్కడి పద్ధతి?

అమలాపురంలో ఆటో నడుపుకుని బతకాలనుకున్న కుర్రాడు రవాణా శాఖ అధికారి ముందు బండి నడిపి చూపించాలి. గోదావరిలో లాంచీ నడిపే సరంగుకు పరీక్ష ఉంది. ఇంట్లో వైరింగ్ చేసే వైర్‌మన్ పర్మిట్‌కూ పరీక్ష ఉంది. లా డిగ్రీ చేతికొచ్చాక కూడా ఆలిండియా బార్ ఎగ్జామ్ పాసైతే తప్ప వకీలుగా కొనసాగనివ్వరు. గ్రామ సచివాలయాల్లో సర్వేయర్ ఉద్యోగానికి 2019లో మన పిల్లలు పుస్తకాలు ముందేసుకుని రాత్రింబవళ్లు చదివి పరీక్ష రాశారు. నాలుగైదు కుటుంబాలు కాపురం ఉండే మేడకు పూచీ పడే మనిషికి మాత్రం ఏ పరీక్షా లేదు. ఆటో బోల్తా పడితే ఎక్కినవాళ్లకే ముప్పు. ఆ మేడ ఒరిగితే పక్కింటివాళ్లకూ ముప్పే.

ఈ లోపం రాష్ట్రానిది మాత్రమే కాదు. ఛార్టర్డ్ అకౌంటెంట్లకు 1949లోనే చట్టం వచ్చింది. న్యాయవాదులకు 1961లో, ఆర్కిటెక్టులకు 1972లో వచ్చాయి. ఇంజనీర్లకు ఇప్పటికీ రాలేదు. పేరు పక్కన ఆర్కిటెక్ట్ అని రాసుకోవాలంటే కౌన్సిల్‌లో నమోదు కావాలి, ఇంజనీర్ అని బోర్డు తగిలించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 2025లో సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ ప్రొఫెషనల్ ఇంజనీర్ల కోసం ఒక ముసాయిదా బిల్లు తయారుచేసి అభిప్రాయాలు అడిగింది. ముసాయిదాలు రావడం, మూలన పడటం ఈ దేశంలో కొత్త కాదు. ఢిల్లీ కదిలేదాకా కూర్చుంటామని రాష్ట్రం అంటే కుదరదు. ఎల్టీపీ లైసెన్సు ఇస్తున్నది రాష్ట్రమే. పరీక్ష పెట్టే అధికారమూ దానిదే.

పరీక్ష ఎందుకని అడిగేవాళ్లు డెల్టా నేల సంగతి ఒక్కసారి ఆలోచించాలి. భీమవరం, పాలకొల్లు, రామచంద్రపురం చుట్టుపక్కల ఒండ్రు, నల్లరేగడి వానాకాలం నీరు తాగి ఉబ్బుతుంది, మే నెలలో చెయ్యి దూరేంత బీటలు తీస్తుంది. రెండు మూడు అడుగులు తవ్వితే నీటి ఊట తగిలే ఊళ్లు ఎన్నో. దానికి తోడు వరి చేలు మెరక చేసి వేసిన లేఔట్లు, చేపల చెరువు పూడ్చి అమ్మిన ప్లాట్లు. పైన గ్రావెల్ తోలితే అన్ని ప్లాట్లూ ఒకేలా కనిపిస్తాయి. కిందికి తవ్వితే ఒక మూల గట్టి మన్ను, ఇంకో మూల నిన్నటి చెరువు అడుసు. ఆ నాలుగు మూలలకూ ఒకే లోతు పునాది గీసి ఇచ్చాడంటే ఆ మనిషికి నేల గురించి తెలియదనే అర్థం. ఆ ఇల్లు ఏ ఏడో ఒక పక్కకు దిగుతుంది. తలుపులు బిగుసుకుపోయి, లింటెల్ మూలల నుంచి ఏటవాలుగా చీలిక వచ్చాక గానీ ఇంటి యజమానికి సంగతి తెలియదు. అప్పటికి బ్యాంకు వాయిదాలు ఇంకా సగం కూడా తీరి ఉండవు.

పైల్స్ (నేల లోతుకు దించే కాంక్రీటు స్తంభాలు) వేయాలా, ఎంత లోతుకు వేయాలి, ఎక్కడ మామూలు ఫుటింగ్ పునాది సరిపోతుంది అన్నది తేల్చడానికే సాయిల్ టెస్ట్. పక్క వీధిలో తీసిన రిపోర్టుకు పేరు, సర్వే నంబరు మార్చి జత చేయడం మామూలైపోయిందని ఈ వృత్తిలో ఉన్నవాళ్లే వాపోతున్నారు. ఒకాయన గీస్తాడు, ఇంకొకాయన లాగిన్‌తో అప్‌లోడ్ అవుతుంది, సంతకం మూడో మనిషిది. సైటుకు ఈ ముగ్గురిలో ఒక్కరూ రారు. పెద్ద మేస్త్రీ ఏం చెబితే అదే డిజైన్.

తీరానికి దగ్గరైతే ఇంకో బెడద. అంతర్వేది నుంచి ఉప్పాడ దాకా ఉప్పుగాలి, ఉప్పునీరు. ఉప్పు కలిసిన ఇసుకతో కాంక్రీటు కలిపి, బోరులో పడిన ఉప్పునీటితోనే క్యూరింగ్ చేస్తే లోపల ఇనుము తుప్పు పట్టి, ఉబ్బి, శ్లాబు పెచ్చులు ఊడిపోతాయి. తీరప్రాంత వాతావరణానికి నేరుగా గురయ్యే రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటుకు కనీసం ఎం30 గ్రేడు ఉండాలని కాంక్రీటు పనులకు జాతీయ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతోంది. ఈ సంగతి తెలియకుండా తీరంలో ఒక ఇంటికి సంతకం పెట్టగలిగే పరిస్థితి ఈ రోజు ఉంది. తెలుసా లేదా అని అతణ్ని అడిగినవాళ్లు లేరు గనుక.

ఇవన్నీ ఊహలని కొట్టిపారేయొద్దు. 2025 మార్చి 26న ఇదే గోదావరి ఒడ్డున భద్రాచలంలో నిర్మాణంలో ఉన్న బహుళ అంతస్తుల భవనం కుప్పకూలి కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అంతకు నాలుగు నెలల ముందు హైదరాబాద్ గచ్చిబౌలిలో పక్క స్థలంలో గొయ్యి తవ్వితే ఐదంతస్తుల మేడ ఒరిగి, చుట్టుపక్కల వాళ్లు కట్టుబట్టలతో రోడ్డున పడ్డారు. అధికారంలో ఉన్నవాళ్లు అనుమతులు, ఉల్లంఘనలు అంటూ మాట్లాడి ఊరుకున్నారు. ఆ పనులకు సాంకేతికంగా ఎవరు పూచీ పడ్డారు, వాళ్లకు పని వచ్చని ఎవరు తేల్చారు అన్న ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాలేదు.

ఇక సర్వే. ఈ జిల్లాల్లో సెంటు భూమి విలువ ఎంతో పాఠకులకు చెప్పనక్కర్లేదు. ఎకరం చేను నలుచదరంగా ఉందనుకుంటే ఒక్కో పక్క దాదాపు 209 అడుగులు. గట్టు ఒక్క అడుగు జరిగితే పోయేది 209 చదరపు అడుగులు, అంటే దాదాపు అర సెంటు. అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేయడానికి ఆ అర సెంటు చాలు. లంక గ్రామాల్లో అయితే వరదకు సరిహద్దు రాళ్లే కొట్టుకుపోతాయి. అప్పుడు ఆధారం పాత ఎఫ్‌ఎంబీ, అంటే పొలం కొలతల పుస్తకమే. అందులో ఆధార గీత అయిన జి లైను, దాని నుంచి పక్కకు కొలిచిన ఆఫ్‌సెట్లు చదివి, మిగిలిన రెండు రాళ్ల నుంచి పోయిన మూడో రాయి ఎక్కడుండాలో నేల మీద చూపించగలిగినవాడే సర్వేయర్. ఉపగ్రహాల సాయంతో కొలిచే రోవర్ యంత్రం కొనుక్కున్న ప్రతివాడూ సర్వేయర్ కాడు. రీసర్వే తర్వాత విస్తీర్ణం తగ్గిందని, నలుగురైదుగురికి కలిపి ఒకే ఎల్‌పీఎం (భూ కమతం పటం) నంబరు ఇచ్చారని రైతులు అర్జీలు పట్టుకుని తిరిగారు. ఆ కొలతలు నచ్చనివాళ్లు ప్రైవేటు సర్వేయర్ను పిలుచుకుంటున్నారు. అతను కొలిచిన కొలతను ఎవరు నమ్మాలి, ఎందుకు నమ్మాలి? పక్క రాష్ట్రం తెలంగాణ భూభారతి చట్టం తెచ్చాక 2025లో లైసెన్స్‌డ్ సర్వేయర్లకు శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, నెగ్గినవారికే లైసెన్సులు పంచింది. అక్కడా లోటుపాట్లు ఉండొచ్చు. పరీక్ష మాత్రం పెట్టారు.

అమెరికాలో ఈ లైసెన్సుల పద్ధతి మొదలైన తీరు డెల్టా రైతుకు ఇట్టే అర్థమవుతుంది. 1907లో వయోమింగ్ రాష్ట్రం ఇంజనీర్లకు మొట్టమొదటి లైసెన్సు చట్టం చేసింది, అందులో భూమి సర్వేయర్లనూ చేర్చింది. దానికి కారణం సాగునీరు. కాలువ నీటి కోసం వచ్చే దరఖాస్తులకు జత చేసే మ్యాపులను ఆ చదువే లేనివాళ్లు గీసి, ఇంజనీర్ అనీ సర్వేయర్ అనీ సంతకాలు పెడుతున్నారని అక్కడి స్టేట్ ఇంజనీర్ కనిపెట్టాడు. తప్పుడు మ్యాపుతో నీటి హక్కు ఇస్తే రేపు పొలాల మీద తగవులు తప్పవని గ్రహించి చట్టం తెచ్చారు. కాలిఫోర్నియా అంత ముందుచూపు చూపలేదు. 1928లో సెయింట్ ఫ్రాన్సిస్ డ్యామ్ తెగి 400 మందికి పైగా కొట్టుకుపోయాక, మరుసటి ఏడాది సివిల్ ఇంజనీర్లకు చట్టం చేసింది. టెక్సాస్ 1937లో ఒక బడిలో గ్యాస్ పేలి దాదాపు 300 మంది, ఎక్కువమంది పిల్లలే, చనిపోయాక కళ్లు తెరిచింది. ఇప్పుడు అక్కడ చదువు ముగిసే వేళ ఒక పరీక్ష, మామూలుగా నాలుగేళ్లు లైసెన్సున్న ఇంజనీరు కింద పనిచేశాక ఇంకో పరీక్ష. సర్వేయర్లకూ అలాగే రెండు. అక్కడికి వెళ్లిన మన గోదావరి జిల్లాల పిల్లలు ఆ పరీక్షలు రాసి పాసవుతూనే ఉన్నారు. వాళ్లే ఇక్కడ ఉండిపోతే ఏ పరీక్షా లేకుండా సంతకం పెట్టొచ్చు.

పరీక్ష పెడితే కోచింగ్ సెంటర్ల దోపిడీ మొదలవుతుందని, ఏళ్ల తరబడి పనిచేస్తున్నవారిని అవమానించినట్టవుతుందని ఒక వాదన ఉంది. ఇంజనీరింగ్ నాలుగేళ్లలో రాసిన పరీక్షలు చాలవా అని కూడా అంటున్నారు. చాలవు. థియరీ పేపరులో మార్కులు తెచ్చుకున్నవాడు అడుసులో పునాది వేయగలడని ఏ విశ్వవిద్యాలయమూ హామీ ఇవ్వదు. నిజంగా పని వచ్చినవారికి పరీక్ష వల్ల పోయేదేమీ లేదు, పోటీకి వచ్చే అద్దె సంతకాలు పోతాయి.

మా అసలు భయం ఇంకొకటుంది. రేపు ఈ ప్రభుత్వమో మరో ప్రభుత్వమో పరీక్ష పెట్టినా, ఇప్పటికే లైసెన్సు ఉన్నవారందరికీ ఒకసారికి మినహాయింపు అంటుంది. ఆ ఒక్కసారి ఎప్పటికీ ఒక్కసారిగా ఆగదని ఈ రాష్ట్రంలో అందరికీ తెలుసు. అడ్డగోలుగా కట్టిన భవనాలను డబ్బు కట్టించుకుని క్రమబద్ధీకరించే బీపీఎస్ 2015లో వచ్చింది, ఇదే ఆఖరు అన్నారు. 2019లో మళ్లీ వచ్చింది. ఆఖరు అన్న మాటను అప్పటి నుంచీ ఎవరూ నమ్మడం లేదు. ముందు కట్టేయ్, తర్వాత బీపీఎస్ వస్తుంది అన్నది బిల్డర్ల నోట స్థిరపడిపోయింది. లైసెన్సుల్లోనూ అదే రోగం అంటుకుంటే, ముందు సంతకాలు పెట్టేయ్, తర్వాత మినహాయింపు వస్తుంది అనే రోజు ఎంతో దూరం లేదు. అందుకే ఒక్కరికీ మినహాయింపు వద్దు. పాతికేళ్ల అనుభవం ఉన్నవారు పరీక్ష రాయడానికి రెండేళ్ల గడువు అడిగితే ఇవ్వండి. పరీక్ష లేకుండా వదిలేయమంటే ఒప్పుకోవద్దు.

ఆ పరీక్ష బిట్ పేపరు కాకూడదు. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తు పెట్టే పని కోచింగ్ సెంటరు నెల రోజుల్లో నేర్పిస్తుంది. పుస్తకాలు, కోడ్‌లు ముందు పెట్టుకుని రాయనివ్వండి. ఒక సాయిల్ రిపోర్టు ఇచ్చి పునాది ఎలా వేస్తావో చెప్పమనండి. సర్వేయర్ను చేలోకి తీసుకెళ్లి, ఎఫ్‌ఎంబీ చేతిలో పెట్టి, పోయిన రాయి వెతకమనండి. మురుగు కాలువ లెవెళ్లు తీయించండి. నేల వాలు ఇంత తక్కువగా ఉన్న డెల్టాలో లేఔటు రోడ్డు ఎత్తు కాస్త తప్పినా వెనకున్న చేలు ముంపులోకి పోతాయి. పరీక్ష పెట్టే బాధ్యత లైసెన్సు ఇచ్చే శాఖకే అప్పగించకండి. కాకినాడలో సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది, పేపర్లు దిద్దడానికి మనుషులున్నారు. లైసెన్సు పునరుద్ధరించే ప్రతిసారీ రుసుము రసీదుతో సరిపెట్టకుండా, అప్పటిదాకా ఆయన సంతకం చేసిన ఇళ్లలో కొన్నింటిని వెళ్లి చూడండి.

ఇంజనీర్ల సంఘాలకూ ఒక మాట. ఏటా సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినోత్సవ సభలు పెట్టి, డాక్టర్లకున్న గౌరవం తమకు లేదని వాపోవడం చాలా ఏళ్లుగా వింటున్నాం. పరీక్ష మాట ఎత్తగానే వినతిపత్రం పట్టుకుని అమరావతికి పరుగెత్తకండి. మా సభ్యులకు పరీక్ష పెట్టండి అని ముందుగా అడగాల్సింది మీరే.

ప్రభుత్వ పెద్దలు ప్రతి మే 15న ధవళేశ్వరంలో కాటన్ విగ్రహానికి దండలు వేస్తారు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్టను ఈ ఇసుక మీద, ఈ వరదలో నిలబడి కట్టించిన మనిషి ఆయన. కొలిచాడు, లెవెళ్లు తీయించాడు, తన పనికి తానే జవాబుదారీగా నిలిచాడు. ఆ విగ్రహం ముందు ఫొటోలు దిగే నాయకులు తమ సొంత ఇల్లు కట్టించేటప్పుడు ఎలాంటి ఇంజనీర్‌ను వెతుక్కుంటారో అందరికీ తెలుసు. పని రాని మనిషి చేతికి మీ ఇంటి పునాది ఇవ్వరు కదా? మరి పాలకొల్లులో చీటీ పాడి ఇల్లు కట్టుకునే చిన్న ఉద్యోగి ఇంటిని అలాంటి చేతికి ఎందుకు వదిలేస్తున్నారు? ఉల్లంఘిస్తే లైసెన్సు రద్దు చేస్తామని పదే పదే చెబుతున్నారు. ఇల్లు ఒరిగాక ఆ రద్దు ఎవరికి కావాలి? రద్దు చేసే అధికారం మీ దగ్గరుంటే, ఇచ్చే ముందు పరీక్షించే బాధ్యత కూడా మీదే. వచ్చే వానాకాలం లోపు ఆ పరీక్షకు ఉత్తర్వు ఇవ్వండి. ఇవ్వకుండా కూర్చుని, రేపు ఏ మేడో కూలాక ఎల్టీపీ పేరు చెప్పి తప్పించుకోవాలని చూస్తే, ఆ లైసెన్సు మీద ముద్ర ఎవరిదని ఈ పత్రిక మొదట మిమ్మల్నే అడుగుతుంది.