బిల్లుకు ఫోన్ నంబర్ తప్పనిసరి అన్నది అబద్ధం

వాట్సాప్ గ్రూపుల్లో ఈ వాదన తెగ తిరుగుతోంది: షాపులో ఫోన్ నంబర్ అడిగితే ఇచ్చేయాలట, జీఎస్టీ బిల్లుకు అది తప్పనిసరట, పైగా పాయింట్లు వస్తాయట, దాచుకునేది ఏమీ లేనివాళ్లకు భయం దేనికట.

మొదటి మాటే తప్పు. బిల్లులో ఏమేం ఉండాలో జీఎస్టీ 46వ నిబంధన చెబుతుంది. కొనేవాళ్ల ఫోన్ నంబర్ అందులో లేదు. మనలాంటి మామూలు కొనుగోలుదారులు షాపులో 50,000 రూపాయల లోపు కొంటే, మనం అడిగితే తప్ప పేరు, చిరునామా కూడా రాయనక్కర్లేదు. నంబర్ ఇస్తేనే బిల్లు అనడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖే చెప్పింది. టీవీ ఇంటికి పంపడానికి నంబర్ అడిగితే అది వేరు. పావు కిలో కందిపప్పుకు ఎందుకు?

ఇక 'దాచుకునేది ఏముంది' అన్న మాట. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. అమెరికాలో టార్గెట్ అనే పెద్ద రిటైల్ సంస్థ ప్రతి కస్టమర్‌కూ ఒక గెస్ట్ ఐడీ ఇచ్చి, కొన్నవన్నీ దానికింద చేర్చేది. అక్కడి గణాంక నిపుణుడు ఆండ్రూ పోల్ సుమారు 25 వస్తువుల కొనుగోళ్లను కలిపి చూసి, ఏ మహిళ గర్భవతి అయి ఉండొచ్చో అంచనా వేసే పద్ధతి తయారుచేశాడు. వాసన లేని లోషన్, కాల్షియం, జింక్ మాత్రలు... వీటిలో ఎవరైనా దాచుకునేది ఒక్కటైనా ఉందా? విడివిడిగా ఏ బిల్లూ రహస్యం కాదు. అన్నీ ఒకచోట చేరితే, ఆమె ఇంట్లో ఇంకా చెప్పని సంగతి బయటపడుతుంది. తమ సంగతి షాపుకు తెలిసిపోయిందని జనం కంగారు పడతారని, ఆ కూపన్లు మామూలుగా వచ్చినట్టే కనిపించేలా ఆ సంస్థ డైపర్ల కూపన్ల పక్కన గడ్డి కోసే యంత్రాల ప్రకటనలు కూడా పెట్టింది. 2012లో ఈ సంగతి బయటికొచ్చాక, కూతురు గర్భవతి అని తండ్రి కంటే ముందే షాపుకు తెలిసిందన్న కథ ప్రపంచమంతా తిరిగింది. ఆ కథను పక్కన పెట్టినా, ఆ పద్ధతి ఒక్కటి చాలు భయపడటానికి.

మన దగ్గర ఆ గెస్ట్ ఐడీ పని ఫోన్ నంబర్ చేస్తుంది. కార్డు మారుతుంది, ఇల్లు మారుతుంది, నంబర్ మాత్రం ఏళ్ల తరబడి అదే. కిరాణా, బట్టలు, మందుల షాపు, అన్నిచోట్లా ఒకటే. అమ్మకు కొనే షుగర్ మాత్రలు కూడా ఆ లెక్కలోకే వెళ్తాయి.

పాయింట్ల మాటంటారా, వాటికి మనం ఇచ్చే ధర ఈ వివరాలే. తెలిసి ఇస్తే అది మీ ఇష్టం. అడిగి, చెప్పి, మన ఒప్పుకోలుతో తీసుకోవాలన్నదే 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సారం. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి కానీ, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు.

కౌంటర్‌లో ఉన్న అమ్మాయి మీద కోప్పడకండి, పైవాళ్లు చెప్పింది ఆమె చేస్తోంది. "నంబర్ ఇవ్వనమ్మా, బిల్లు ఇవ్వండి" అంటే చాలు. కుదరదంటే మేనేజర్‌ను పిలవమనండి. అప్పటికీ కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.