'వచ్చారు' అనే మాట వెనుక

తెలుగులో ఒక మనిషి గురించి చెప్పబోతే ఆడో మగో క్రియే బయటపెట్టేస్తుంది. 'వచ్చాడు' అనాలి, లేదంటే 'వచ్చింది' అనాలి. తనతో ఉంటున్నది మగాడని ఆఫీసులో తెలియకూడదనుకునే గే యువకుడికి మిగిలిన దారి గౌరవవాచకమే: 'నిన్న వాళ్లొచ్చారు, బిర్యానీ తెప్పించుకున్నాం.' నోరు జారకుండా ఈ కాపలా రోజంతా సాగాల్సిందే. ఫోన్ బోర్లా పెట్టడం, అమ్మ ఊరి నుంచి వస్తోందంటే గదిలో ఫొటోలు తీసేయడం కూడా అందులో భాగమే.

పరిశోధకుడు ఇలాన్ మేయర్ 2003లో 'మైనారిటీ ఒత్తిడి' పేరుతో వివరించినది ఈ అలసటనే. వివక్ష ఎదురైన రోజు కలిగే దెబ్బ వేరు. ఎప్పుడు ఎదురవుతుందోనని రోజూ కాచుకుని ఉండటం, నిజం దాచడం, లోకం ఏవగింపును తన మీదే తిప్పుకోవడం వేరు. డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనలు గే, బైసెక్సువల్ (ఆడ, మగ ఇద్దరినీ ఇష్టపడే) మనుషుల్లో ఎక్కువగా ఉండటానికి కారణం ఈ బరువే, ఎవరిని ఇష్టపడుతున్నారన్నది కాదు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పుతో వయోజనుల మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాకుండా పోయింది. 'సంబంధాలు చూస్తున్నాం' అనే ఫోన్లు మాత్రం ఆగలేదు.

బైసెక్సువల్ మగవాళ్ల ఒంటరితనం ఇంకా చిక్కనిది. ఆడవాళ్లూ నచ్చుతారుగా, పెళ్లి చేసుకోవడానికేం అని ఇల్లు అడుగుతుంది. నిజం ఒప్పుకునే ధైర్యం లేదని గే స్నేహితులే అనుమానిస్తారు. రెండు చోట్లా సగమే చెప్పి ఊరుకుంటారు.

డేటింగ్ యాప్‌లలో మనుషులకు కొదవ లేదు. అయితే అక్కడి పరిచయం ఫొటో, దూరం, ఈ రాత్రి ఖాళీయేనా అన్న మూడింటి మీదే నడుస్తుంది. జ్వరమొస్తే మందులు తెచ్చిపెట్టే మనిషి అలా దొరకడం అరుదు. పైగా గదికి పిలిచి, వీడియో తీసి, యూపీఐలో డబ్బు గుంజే ముఠాలున్నాయి. ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతారు, ఇవ్వొద్దు. నంబర్ బ్లాక్ చేసే ముందే చాట్ స్క్రీన్‌షాట్లు, లావాదేవీ నంబర్ దాచి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. బెదిరించి డబ్బు లాగడం భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద నేరం. తమ మీదే కేసు పెడతారన్న భయంతో చాలామంది నోరు మెదపరు. ఇద్దరు వయోజనులు ఇష్టపడి కలవడం నేరం కాదు.

తోడు కావాలంటే రెండొందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపు కన్నా ఆరేడుగురు మేలు. పెద్ద గ్రూపులో ఒక్క స్క్రీన్‌షాట్ బయటికెళ్తే అందరూ మౌనమైపోతారు. నెలకు రెండుసార్లు, అదే రోజు, అదే చోట, వంటో షటిలో ఏదో ఒక పని పెట్టుకుని కలవాలి. అసలు పేరు చెప్పమని అడగకూడదు, ఫొటోలు తీయకూడదు. పిలిచే బాధ్యత ఇద్దరు తీసుకోవాలి. ఒక్కడి మీదే నడిస్తే అతను అలసిన రోజున ఆగిపోతుంది.

రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, ఆసక్తి దెబ్బతింటే డాక్టర్ని చూడాలి. చనిపోవాలనిపిస్తే ఆ క్షణమే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయాలి. తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటారు. కౌన్సెలర్ దగ్గర డబ్బు కట్టకముందే ఫోన్లో అడగండి: 'నేను గే. దాన్ని మార్చాల్సిన సమస్యగా చూస్తారా?' తడబడితే వేరొకర్ని వెతకండి. హార్మోన్ ఇంజెక్షన్లతో మారుస్తామంటే లేచి వచ్చేయండి. అలాంటి 'చికిత్స'ను జాతీయ వైద్య కమిషన్ 2022లోనే వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. డిప్రెషన్ మందు గుణం కనిపించడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో వికారం, లైంగిక కోరిక తగ్గడం ఉండొచ్చు. అవి చూసి సొంతంగా మానేయడంతోనే చాలామంది మళ్లీ కుంగిపోతారు. డాక్టర్‌కి చెబితే మోతాదో, మందో మారుస్తారు.

ఆస్పత్రిలో చేరాల్సి వస్తే మీ తరఫున ఎవరు మాట్లాడాలి? స్వలింగ వివాహానికి 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు గుర్తింపు ఇవ్వలేదు కాబట్టి భాగస్వామికి బంధువు హోదా లేదు. కానీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 14వ సెక్షన్ ప్రకారం వయోజనులెవరైనా తెల్లకాగితం మీద రాసి సంతకం చేసి, నచ్చిన మనిషిని నామినేటెడ్ ప్రతినిధిగా పెట్టుకోవచ్చు. ఆ వ్యక్తి మైనర్ కాకూడదు, తన సమ్మతి కూడా రాసివ్వాలి. అలా రాస్తే కన్నవాళ్ల కన్నా ముందు వరుస ఆ మనిషిదే. బాగున్న రోజునే రాసి, ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి.

ఈ కాగితం మానసిక చికిత్స వరకే చెల్లుతుంది. యాక్సిడెంటై ఆపరేషన్ చేయాల్సి వస్తే, కౌంటర్ దగ్గర 'ఆయనకు మీరేమవుతారు?' అని అడిగినప్పుడు ఇప్పటికీ 'ఫ్రెండ్' అనే చెప్పాల్సి వస్తోంది.